తుఫానుకి పేరు పెట్టిన రోజే సంచి సర్దుకోవాలి

ఎడిటర్ గారికి నమస్కారం.

తుఫాను వస్తోందంటే చాలు, మీ జిల్లా పేజీలో కళింగపట్నం పోర్టులో మూడో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేశారు, తీరప్రాంత ప్రజలు అప్రమత్తంగా ఉండాలి, మత్స్యకారులు వేటకి వెళ్ళొద్దు అని వేస్తారు, పక్కనే అలల ఫోటో ఒకటి. వేటకెళ్ళే వాళ్ళకి ఆ వార్త సరిపోతుంది. ఇంట్లో ముసలివాళ్ళు, రోగులు, గొడ్లు, రేకుల షెడ్డు ఉన్న మాలాంటోళ్ళు అది చదివి ఏం చెయ్యాలండీ? అప్రమత్తంగా ఉండడం అంటే తలుపులేసుకుని కూర్చోవడమా, సంచి సర్దుకోవడమా, సర్దుకుంటే ఎప్పుడు బయల్దేరాలి, ఎటు వెళ్ళాలి? అది ఎవరూ రాయట్లేదని నేను రాస్తున్నా, కాస్త పొడుగైనా వెయ్యండి.

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం, కవిటి మండలం. మా అత్తకి కిడ్నీలు పాడై వారానికి రెండు సార్లు, సోమవారం, గురువారం డయాలసిస్. ఉద్దానంలో ఇది కొత్త సంగతేం కాదు, ఏ ఊరు తీసుకున్నా ఇలాంటి ఇళ్ళు ఉంటాయి. పలాసలో రెండొందల పడకల కిడ్నీ ఆస్పత్రి వచ్చింది, సోంపేట, కవిటి, హరిపురంలో డయాలసిస్ సెంటర్లు ఉన్నాయి, అంటే మామూలు రోజుల్లో పర్లేదు, ఆటో ఎక్కితే వెళ్ళి వచ్చేస్తాం. నా గోలంతా మామూలుగా లేని రోజుల గురించి.

ఒకసారి క్యాలెండర్ చూడండి. ఫైలిన్ తుఫాను 2013 అక్టోబరు 12. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12. టిట్లీ 2018 అక్టోబరు 11. మూడూ దసరాకి కాస్త అటూ ఇటూ, ఇంట్లో పిల్లలు, చుట్టాలు, పిండివంటలు ఉన్న టైమ్‌లోనే. గులాబ్ ఒక్కటే కాస్త ముందు, 2021 సెప్టెంబరు 26న. వచ్చిన టైములు చూస్తే ఇంకా తమాషా, ఫైలిన్ రాత్రి, హుద్‌హుద్ మిట్టమధ్యాహ్నం, టిట్లీ తెల్లారగట్ల, గులాబ్ పొద్దుగూకాక. కాబట్టి గాలి మొదలయ్యాక చూసుకుందాంలే అనుకుంటే అది పగలే మొదలవుతుందని గ్యారంటీ ఏం లేదు. చీకట్లో, వానలో, కరెంటు లేకుండా డెబ్బై ఏళ్ళ మనిషిని ఆటో ఎక్కించడం ఎలా ఉంటుందో ఊహించుకోండి.

టిట్లీ సంగతే తీసుకుందాం, అప్పటికి మా అత్తకి ఇంకా డయాలసిస్ లేదు, కానీ ఊళ్ళో చేయించుకునేవాళ్ళు ఉన్నారు. సోమవారం నాటికి అది వాయుగుండం, మంగళవారం దానికి పేరు పెట్టారు, బుధవారం తీవ్ర తుఫాను అన్నారు, గురువారం తెల్లారగట్ల పలాస దగ్గర తీరం దాటేసింది, గంటకి 140, 150 కిలోమీటర్ల గాలి. పేరు పెట్టిన దగ్గర్నుంచి మన గుమ్మంలోకి వచ్చేదాకా రెండు రోజులు కూడా నిండలేదు. ఇప్పుడు సోమ, గురువారాలు డయాలసిస్ ఉన్న మనిషిని పెట్టుకుని లెక్క వెయ్యండి. సోమవారం చేయించుకున్నారు, గురువారం తుఫాను. శుక్రవారం రోడ్డు లేదు. శనివారం కరెంటు లేదు. రక్తంలో పొటాషియం పెరిగితే గుండె మీద పడుతుంది, నీరు చేరితే ఊపిరితిత్తుల్లోకి పోయి పడుకోనివ్వదు, ఆయాసం. పైకప్పు పోయినా సర్కారు ఏదో పరిహారం రాస్తుంది గానీ దీనికి ఎవరేం రాస్తారు?

రోడ్డు ఎందుకు ఉండదో బయటివాళ్ళకి తెలీదు. ఉద్దానం అంటే కొబ్బరి, జీడి తోటలు. రోడ్డుకి రెండు వైపులా కొబ్బరి చెట్లే, చూడ్డానికి కోనసీమలా ఉంటుంది అని అందరూ మెచ్చుకుంటారు, ఆ చెట్లే గాలికి రోడ్డు మీద అడ్డంగా పడతాయి. హైవే దాకా వెళ్తే ఎలాగో వెళ్ళిపోవచ్చు గానీ మా ఊరి నుంచి హైవే దాకా ఉన్న ఆ కాస్త దారే చెట్లు కోసే మిషన్లు వచ్చేదాకా మూసుకుపోతుంది. 108 వాళ్ళు మాత్రం ఏం చేస్తారు, ఎగిరి రాలేరు కదా. గాలి ఆగాక వరద వేరే. ఒడిశా కొండల్లో పడిన వానంతా వంశధార, మహేంద్రతనయ, బాహుదాల్లోకి దిగుతుంది, మనకి ఎండ కాస్తూ ఉంటుంది, ఏరు మాత్రం పొంగుతూ ఉంటుంది. టిట్లీకి గజపతి జిల్లాలో కొండచరియలు విరిగిపడి ఎంతమంది పోయారో పేపర్లలో వచ్చింది కదా, ఆ నీళ్ళన్నీ మన వైపుకే.

సరే ఎలాగో చెట్లు దాటి సెంటర్‌కి చేరాం అనుకోండి, అక్కడ కరెంటు ఉండాలి, నీళ్ళుండాలి. ఒక్క మనిషికి నాలుగు గంటల డయాలసిస్‌కి శుద్ధి చేసిన నీళ్ళు నూట ఇరవై లీటర్ల దాకా పడతాయి. జెనరేటర్ ఉంటే సరిపోదు, దాన్లో డీజిల్ ఉండాలి, డీజిల్ తెచ్చే బండికి రోడ్డు ఉండాలి, డ్యూటీకి వచ్చే సిస్టర్ ఇల్లు మునగకుండా ఉండాలి.

అందుకే నేను చెప్పేది ఒక్కటే. రోగి ఉన్న ఇంటికి ఊరంతా ఖాళీ చేయించేదాకా ఆగే టైమ్ లేదు, ఊరి కంటే ఒక రోజు ముందే కదలాలి. సముద్రంలో దానికి పేరు పెట్టిన రోజే సంచి కట్టాలి, మర్నాడు పొద్దున్నే, వెలుతురుండగా బయల్దేరాలి. తుఫాను దారి మార్చుకుని ఎటో వెళ్ళిపోయిందనుకోండి, ఏం పోయింది, ఆటో డబ్బులు. చుట్టాలింట్లో రెండ్రోజులు ఉండి వస్తాం. 2021 డిసెంబరులో జవాద్ అలాగే సముద్రంలోనే నీరసించిపోయింది, అప్పుడు ముందే కదిలినవాళ్ళని చూసి నవ్వినవాళ్ళున్నారు, నవ్వుకోనివ్వండి.

మా ఇంట్లో కాగితం మీద రాసి బీరువా తలుపు లోపల వైపు అంటించాం. గొప్ప ప్లాన్ ఏం కాదు. వాతావరణ శాఖ వాళ్ళు రంగులు ఇస్తారు కదా, తుఫాను తీరానికి రావడానికి నలభై ఎనిమిది గంటల ముందు పసుపు, ఇరవై నాలుగు గంటల ముందు ఆరెంజ్, పన్నెండు గంటల ముందు ఎరుపు. పసుపు రాగానే నేను సెంటర్‌కి ఫోన్ చేసి డయాలసిస్ ముందుకి జరపమని అడగాలి, మా ఆయన ఆటో అతనికి చెప్పాలి, మా మావయ్య గొడ్ల సంగతి చూడాలి. ఆరెంజ్ వచ్చేలోపు అత్త, నేను, పిల్లలు ఇంట్లో ఉండకూడదు. ఎరుపు వచ్చాక ఎవరూ రోడ్డెక్కకూడదు, ఎక్కడున్నవాళ్ళు అక్కడే, గట్టి డాబాలో. అంతే.

పోర్టులో ఎగరేసే నంబర్లు ఓడలకి చెప్పేవండీ, ఇళ్ళకి కాదు. ఒకటి, రెండు అంటే దూరంగా ఎక్కడో ఉంది, మూడు, నాలుగు అంటే ఈ పోర్టు వైపు చూసుకోండి, అయిదు నుంచి ఏడు ప్రమాదం, ఎనిమిది నుంచి పది మహా ప్రమాదం, పదకొండు అంటే హెచ్చరిక కేంద్రంతో సంబంధాలే తెగిపోయాయి అని. మన పేపర్లలో ఒకటికీ ప్రమాద హెచ్చరికే, పదికీ ప్రమాద హెచ్చరికే. చదివి చదివి జనానికి ఆ మాట మీద భయం పోయింది. నంబరుతో పాటు ఆ రోజు రంగు కూడా వేస్తే మాలాంటోళ్ళకి తేలిగ్గా అర్థమవుతుంది.

ఎటు వెళ్ళాలి అన్నది ఇంకో తలనొప్పి. మాకు శ్రీకాకుళంలో ఆడపడుచు ఇల్లుంది, ఒడిశాలో బరంపురంలో మా పిన్నత్త వాళ్ళున్నారు, మా వైపు జనానికి ఆస్పత్రి అంటే సగం బరంపురమే అలవాటు, దగ్గర కూడా. కానీ ఫైలిన్‌లా అది బరంపురం పక్కనున్న గోపాల్‌పూర్ వైపు పోతుంటే బరంపురం వెళ్ళడం అంటే పులి నోట్లో తల పెట్టడమే. మన తీరంలో తుఫాను నేలెక్కే చోటుకి ఉత్తరం వైపు ఉన్నవాళ్ళకి గాలి సముద్రం మీంచి నేల మీదకి తోస్తుంది, ఉప్పెన అటే ఎక్కువ, దక్షిణం వైపు ఉన్నవాళ్ళకి కాస్త నయం. అందుకని మా కాగితంలో రెండు ఊళ్ళు రాసుకున్నాం, మ్యాప్‌లో తుఫాను దారి గీత ఎటు పడితే దానికి రెండో వైపు. రైలుని నమ్ముకోలేదు, సోంపేటలో ఆగే బళ్ళు ఉన్నాయి గానీ తుఫాను దగ్గరపడితే ముందు రద్దయ్యేవి అవే.

అందరూ ఊరు వదిలిపోవాలని నేనేం అనట్లేదు, అలా అంటే ఎవరూ వినరు కూడా. సముద్రానికి దూరంగా, పల్లం కాని చోట, గట్టి స్లాబు ఇల్లు ఉండి, ఇంట్లో ఆరోగ్యంగా ఉన్నవాళ్ళే అయితే ఇంట్లోనే ఉండడం మంచిది, తుఫాను షెల్టర్లో ఒకరికి చోటు మిగులుతుంది. బారువ, భావనపాడు, నువ్వలరేవు లాంటి ఒడ్డు ఊళ్ళవాళ్ళకి మాత్రం ఖాళీ చెయ్యడం తప్ప వేరే ఆలోచనే వద్దు, అటు విజయనగరం జిల్లాలో పూసపాటిరేగ, భోగాపురం ఒడ్డున ఉన్నవాళ్ళకీ అంతే. రేకుల షెడ్లూ, పాకలూ ఉన్నవాళ్ళు ఎక్కడున్నా సరే పక్కింటి డాబాకైనా మారాలి, గాలికి లేచిన రేకు కత్తి లాంటిది అని నేను చెప్పక్కర్లేదు.

ఇక ముసలివాళ్ళని ఒప్పించడం. మా అత్తని కదపాలంటే తుఫానుని ఆపడం తేలిక. "ఏటవుతాది, అంత టిట్లీయే మన గుమ్మం మీంచి ఎలిపోనాది, నానెక్కడికీ రాను, నా సామానెవులు సూత్తారు" అంటాది. గాలి సంగతి, వాన సంగతి చెప్తే ఆవిడ వినదు, అవన్నీ చూసిన మనిషి. "తుఫానుకి కాదత్తా, డయాలసిస్‌కి ఎళ్దుం, గురువారం బదులు రేపే రమ్మన్నారు" అంటే మాత్రం చీర మార్చుకుంటుంది. మీ ఇంట్లో కూడా ఇలాంటి మాట ఒకటి వెతుక్కోండి.

మగాళ్ళది ఇంకో రకం. అందర్నీ పంపేసి ఒకరు ఇంటికి కాపలా ఉండిపోతారు. దొంగల భయం కంటే వీళ్ళకి నష్టం రాయడానికి వచ్చినప్పుడు ఇంట్లో మనిషి లేకపోతే పేరు రాయరేమో అన్న భయమే ఎక్కువ, అది అబద్ధం భయం అని నేను అనలేను. దానికి మేం చేసిందల్లా, పైకప్పు, గొడ్ల సాల, తోట, మోటారు, గదిలో ఉన్న జీడిపిక్కల బస్తాలు, అన్నీ ఎండ ఉన్న రోజు ఫోన్లో ఫోటోలు తీసి, హైదరాబాద్‌లో ఉన్న మా మరిదికి పంపేసి ఉంచాం. ఫోన్ తడిసినా ఫోటోలు పోవు. అధికారులు ఊరికి వచ్చి "మీరు వెళ్ళండి, లిస్టులో మీ పేరు మాది పూచీ" అని ముందే ఒక్క మాట చెప్తే సగం మంది మగాళ్ళు కదులుతారు.

గొడ్లకి పలుపు విప్పేయాలి, కట్టేసి వెళ్తే గోడ పడినా, నీళ్ళొచ్చినా ఉన్నచోటే చస్తాయి. మెరక మీదకి తోలేసి వదిలేస్తే వాటి తెలివి వాటికుంటుంది.

సంచి విషయం కాస్త వివరంగా చెప్తా, అందరూ ఆధార్, రేషన్ కార్డు, పాస్‌బుక్ పాలిథిన్ కవర్లో పెట్టుకోండి అని చెప్తారు, మంచిదే. డబ్బు కూడా చేతిలో కాస్త ఉండాలి, కరెంటు పోతే ఏటీఎం లేదు, ఫోన్‌పే లేదు. కానీ డయాలసిస్ మనిషి సంచిలో వీటన్నిటికంటే ముందు ఉండాల్సింది వాళ్ళ ఫైలు. డ్రై వెయిట్ (ఒంట్లో ఎక్కువ నీరు లేనప్పటి బరువు) ఎంత, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపరిన్ మందు ఎంత ఇస్తున్నారు, హెపటైటిస్ బి, సి టెస్టుల రిపోర్టు ఏంటి, ఆఖరి డయాలసిస్ ఎప్పుడు. ఆ హెపటైటిస్ కాగితం లేకపోతే కొత్త సెంటర్ వాళ్ళు మిషన్ మీద ఎక్కించడానికి వెనకాడతారు, ఆ జబ్బు ఉన్నవాళ్ళకి మిషన్ వేరేగా ఉంచాలి కాబట్టి వాళ్ళ తప్పు కూడా కాదు. టెస్టు మళ్ళీ చేయించి రిపోర్టు వచ్చేదాకా కూర్చోవాలి. మెడ దగ్గర క్యాథెటర్ (డయాలసిస్ గొట్టం) ఉన్నవాళ్ళు వానలో దాన్ని తడవనివ్వకూడదు, ఇన్ఫెక్షన్ రక్తంలోకి పోతుంది, పైన ప్లాస్టిక్ కవర్ వేసి టేపు అంటించాలి. చేతికి ఫిస్టులా, అంటే డయాలసిస్ సూదుల కోసం ఆపరేషన్ చేసి కలిపిన రక్తనాళం, ఉన్నవాళ్ళు ఆ చేత్తో సంచి మొయ్యకూడదు. షెల్టర్లో తోపులాట ఉంటుంది, ఆ చెయ్యి గోడ వైపు ఉండేలా పడుకోబెట్టండి.

తిండి దగ్గర ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. పునరావాస కేంద్రంలో పెట్టేది పులిహోర, సాంబారన్నం, అరటిపండు. పాపం వాళ్ళు మంచి మనసుతోనే పెడతారు. కిడ్నీ మనిషికి చింతపండులో పొటాషియం, అరటిపండులో పొటాషియం, ఉప్పు తింటే దాహం, దాహమేస్తే నీళ్ళు, నీళ్ళు తాగితే ఆయాసం. అన్నిటికంటే ఘోరం కొబ్బరి నీళ్ళు. తుఫాను మర్నాడు ఉద్దానంలో ఎక్కడ చూసినా రాలిన బొండాలే, తాగే నీళ్ళు దొరకవు, మోటార్లు పనిచెయ్యవు, ఎవరో జాలిపడి బొండం కొట్టి చేతికిస్తారు. మామూలు మనిషికి అమృతం, డయాలసిస్ తప్పిన మనిషికి విషంతో సమానం. అందుకే మేం అటుకులు, మరమరాలు, ఉప్పు లేని బిస్కెట్లు సంచిలో వేరేగా పెడతాం, డయాలసిస్ లేటయితే రోజుకి ఎన్ని నీళ్ళు తాగొచ్చో, ఏం తినొచ్చో డాక్టర్ని ముందే అడిగి రాయించుకున్నాం. మీరూ మీ డాక్టర్నే అడగండి, మా అత్త లెక్క మీకు సరిపోదు. షుగర్ వాళ్ళ ఇన్సులిన్‌కి ఫ్రిజ్ ఉండదు కదా, కొత్త కుండలో పెట్టి పైన తడిగుడ్డ చుడితే చల్లగానే ఉంటుంది.

ఫోన్ల గురించి ఒక్క మాట. తుఫాను రాత్రి విశాఖ, చెన్నై, హైదరాబాద్‌లో ఉన్న మన పిల్లలంతా ఒక్కసారే ఫోన్లు చేస్తారు, ఎవరికీ కలవదు, ఉన్న చార్జింగ్ అయిపోతుంది. మేం మరిది ఒక్కడికే మెసేజ్ పెడతాం, మిగతా చుట్టాలంతా అతన్నే అడగాలి. కాల్ వెళ్ళనప్పుడు కూడా ఒక్కోసారి మెసేజ్ వెళ్తుంది. వాట్సాప్ గ్రూపుల్లో ఎప్పటివో ఎక్కడివో వీడియోలు వేసి సునామీ వచ్చేస్తోంది అని పెట్టేవాళ్ళకి ఏం చెప్పాలో నాకైతే తెలీట్లేదు, గ్రూపులోంచి తీసెయ్యడమే.

ఇప్పుడు అధికారులకి నా మనవి. తుఫాను వస్తుందంటే నెలలు నిండిన గర్భిణుల లిస్టు తీసి ముందే ఆస్పత్రులకి చేరుస్తున్నారు, చాలా మంచి పని, ఆశా కార్యకర్తలు ఇల్లిల్లూ తిరిగి చేస్తున్నారు. అదే లిస్టులో డయాలసిస్ వాళ్ళ పేర్లు కూడా కలపండి. ఎవరు ఏ సెంటర్‌కి ఏ రోజు వెళ్తారో సెంటర్లలో రిజిస్టర్ ఉంది, దాన్ని గ్రామ సచివాలయానికి ఇస్తే చాలు, కొత్తగా సర్వే ఏం అక్కర్లేదు. పసుపు హెచ్చరిక రాగానే సెంటర్లలో రాత్రి షిఫ్టు కూడా పెట్టి తుఫానుకి ముందే అందరికీ ఒక విడత చేసేయాలి. నేను ఒక సెంటర్లో ఇది అడిగితే "పై నుంచి ఆర్డర్ రావాలమ్మా" అన్నారు. ఆర్డర్ గాలితో పాటు వస్తే ఏం లాభం, సెప్టెంబరులోనే ఇచ్చి పెట్టుకోవచ్చు కదా. జెనరేటర్‌కి డీజిల్ కూడా అప్పుడే నింపించాలి.

ఇంటికి తిరిగి రావడం గురించి కూడా రాయాలి, ఎందుకంటే వెళ్ళేటప్పుడు ఉన్న జాగ్రత్త వచ్చేటప్పుడు ఉండదు. గాలి ఒక్కసారిగా ఆగిపోయి ఆకాశం తేటపడితే అయిపోయింది అనుకోకూడదు, తుఫాను కన్ను మన మీదుగా పోతుంటే అలాగే ఉంటుంది, కాసేపటికి ఎదురు దిక్కు నుంచి మళ్ళీ కొడుతుంది, ఒక వైపు వంగిన గోడ రెండో దెబ్బకి పడుతుంది. ముందు మగాళ్ళు ఒకరిద్దరు పగటిపూట వెళ్ళి తెగిన కరెంటు వైర్లు, పాములు, బావి నీళ్ళు చూసుకుని రావాలి. అత్తని మాత్రం కరెంటొచ్చి, రోడ్డు తెరిచి, తన సెంటర్ మళ్ళీ నడుస్తోందని ఫోన్లో కనుక్కున్నాకే తీసుకొస్తాం. ఆవిడ రోజూ గొడవ పెట్టుకుంటుంది, పెట్టుకోనీ.

ఎడిటర్ గారూ, మీ వల్ల అయ్యే పని ఒకటి ఉంది. దసరాకి ముందు, సెప్టెంబరు నెలలోనే, ఒక అరపేజీ మాకివ్వండి. మండలాల వారీగా షెల్టర్లు ఎక్కడున్నాయో, వాటిలో జెనరేటర్ ఉన్నవి ఏవో, డయాలసిస్ సెంటర్లు, 112, 108, కలెక్టరేట్ కంట్రోల్ రూమ్ 1077 నంబర్లు, రంగులకి అర్థాలు ఒక పక్క. రెండో పక్క ఖాళీ గళ్ళు, మా ఇంటికి ఆటో ఎవరిది, వెళ్ళే ఊరు ఏది, రెండో ఊరు ఏది, ఫైలు ఎక్కడుంది, గొడ్లు ఎవరు విప్పుతారు, ఎవరికి మెసేజ్ పెట్టాలి, ఇవన్నీ పెన్నుతో రాసుకునేలా. అక్షరాలు పెద్దగా వెయ్యండి, కరెంటు లేనప్పుడు టార్చి వెలుగులో చదవాలి. ఇచ్ఛాపురం వైపు ఇళ్ళల్లో ఒడియా మాట్లాడేవాళ్ళు చాలామంది ఉన్నారు, వాళ్ళ కోసం కింద నాలుగు లైన్లు ఒడియాలో కూడా వేస్తే ఇంకా మంచిది.

ఇట్లు
మీ పాఠకురాలు,
కవిటి మండలం, శ్రీకాకుళం జిల్లా